మల్లికాక్షి: వేటకుక్కల కన్నుల వర్ణ పారంపర్యము

వాల్మీకి మహర్షిని గూర్చియు, కన్నప్పను గూర్చియు, పాళెగాండ్ర శౌర్యమును గూర్చియు ఇట్టి సంచికలయందు మనవారు తఱచుగా వ్రాయుచునే యున్నారు. అవి వ్రాయదగినవే. కాని మన తాతముత్తాతలు అడవికి పోవునపుడు ముందు నడచిన ప్రాణిని గూర్చి వ్రాసినవారు అరుదు. కుక్కను గూర్చి వ్రాయుట కులమునకు గౌరవమగునా యని యొకరిద్దఱు పెద్దలు మమ్మడిగిరి. బోయవానికి వింటి తరువాతి యాయుధము కుక్కయే కదా. వింటిని పొగడి కుక్కను విడుచుట న్యాయముగా మాకు తోచలేదు.

ఈ వ్యాసమునకు మఱియొక కారణమును గలదు. పొదిలి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతపు పల్లెలలో వేటకుక్కల సంతతి నానాటికి తరుగుచున్నది. మిగిలినవానిలో పిల్లికన్ను గల కూనలు పుట్టినపుడు అరిష్టమని పాఱవేయువారు నున్నారు. వింతగా నున్నదని యట్టివానినే కోరి పెంచువారు నున్నారు. ఈ రెండును తెలియక చేయు పనులే. కన్ను రంగు తల్లిదండ్రులనుండి బిడ్డలకు ఎట్లు సంక్రమించునో, మన పూర్వులు దానిని ఎంతవఱకు గుర్తించిరో విచారింపవలసియున్నది.

మొదట మన సీమ. ఆంగ్లేయుల కాలమున పొదిలి, దరిశి తాలూకాలు నెల్లూరు జిల్లాలో వేంకటగిరి సంస్థానమునకు లోబడియుండెను. మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలో నుండెను. 1970 లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు ఇవి యన్నియు ఒకచోట చేరెను. 1972 లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. జిల్లాల గీతలు ఎట్లున్నను అడవి ఒక్కటే. పడమట నల్లమల, దక్షిణమున వెలిగొండలు, నడుమ గుండ్లకమ్మ పరీవాహము, చిట్టడవి, రాతినేల. కుందేలు, ఉడుము, అడవిపంది, జింక ఇచ్చటి మృగములు. ఇట్టి నేలలో మృగమును చూపుతో పట్టి పరుగుతో గెలుచు కుక్క కావలెను గాని, వాసన పట్టుకొని మెల్లగా పోవునది చాలదు. ఎత్తైన కాళ్లు, లోతైన ఱొమ్ము, సన్నని నడుము గల కుక్కలు దక్కనునందంతట వేటకాండ్రయొద్ద నుండుటకు ఇదియే కారణము.

మనవారి ప్రాచీనతకు ఆధారముగా అద్దంకి శాసనమును ఎత్తిచూపుట పరిపాటియైనది. క్రీ. శ. 848 నాటిదని పండితులు చెప్పు ఆ తరువోజ పద్యశాసనమునందు, గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు పండ్రెండు బోయకొట్టములను గెలిచినట్లున్నది. కందుకూరు పేరును అందు వచ్చుచున్నది. ఆ కొట్టములు మన పొదిలికి సమీప సీమలోనివే యగుట చేత మనకు గర్వకారణమే. అయినను ఒక్కమాట. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములలో బ్రాహ్మణుల పేర్ల చివర సైతము ‘బోయ’ యను పదము ఊరిపేరుతో కలిసి కనబడుచున్నది. కావున ఆ పదము కనబడిన ప్రతిచోటను నేటి మన కులమే యని బల్లగుద్ది చెప్పుట చరిత్రకారుని పని కాదు. కొట్టములు కట్టుకొని రాజసైన్యమును ఎదిర్చిన వారు అడవి నెఱిగిన యోధులని మాత్రము నిస్సంశయముగా చెప్పవచ్చును.

శాసనములు దానములను చెప్పును గాని వేటను చెప్పుట అరుదు. కుక్కను చెప్పుట మఱియు అరుదు. అట్టి అరుదైన శిల యొకటి కన్నడసీమలో మండ్య ప్రాంతమున ఆతకూరునందు దొరకినది. క్రీ. శ. 949-50 నాటిది. తక్కోలము యుద్ధమున రాష్ట్రకూట మూడవ కృష్ణుని పక్షమున పోరాడిన గంగరాజు రెండవ బూతుగుడు, తన వీరుడైన మణలేరుని పరాక్రమమునకు మెచ్చి ఏమి కావలయునో కోరుకొమ్మనెను. మణలేరుడు గ్రామములు కోరలేదు, బంగారము కోరలేదు. కాళి యను వేటకుక్కను కోరెను. ఆ కుక్క బేలతూరు కొండయొద్ద ఒక పెద్ద అడవిపందితో పోరాడగా రెండును చచ్చెను. మణలేరుడు కుక్కకు శిల నిలిపి, దానికి భూమిని ఏర్పఱచెను. ఆ శిలపై కుక్కయు పందియు పోరాడుచుండునట్లు చెక్కియున్నది. వీరునితో సమముగా కుక్కకు శిల నిలిపిన జాతి మనదేశమున నుండెనని దీనివలన తెలియుచున్నది.

ఇక కన్నుల మాట. వేదములోని యముని కుక్కలు శ్యామశబలములు; వానికి నాలుగేసి కన్నులని ఋగ్వేదము పదవ మండలమున నున్నది. నిజమునకు నాలుగు కన్నులు గల కుక్క లేదు. నల్లని కుక్కకు కనుబొమ్మల చోట గోధుమరంగు చుక్కలు రెండు ఉండుటచేత దూరమునుండి నాలుగు కన్నులవలె కనబడును. ఈ చుక్కలును వంశపారంపర్యముగా వచ్చు గుర్తులే. వేదకాలపు వారు కుక్క ముఖమును ఎంత శ్రద్ధగా చూచిరో దీనివలన ఊహింపవచ్చును.

అంతకంటె మనకు ముఖ్యమైనది వరాహమిహిరుని బృహత్సంహిత. 6 వ శతాబ్దమునందలి ఆ గ్రంథమున కుక్క లక్షణములకు ప్రత్యేకముగా నొక చిన్న యధ్యాయము గలదు. పోతుకుక్కకు ఎలుగుబంటి వంటి కన్నులుండవలెననియు, ముక్కుకొన, పెదవి ఎఱ్ఱగా నుండవలెననియు, సింహము నడక నడువవలెననియు చెప్పియున్నాడు. అట్టి కుక్క యింటికి సంపద తెచ్చునట! ఆడుకుక్కను చెప్పునపుడు మాత్రము ‘మల్లికాక్షి’ యను పదమును వాడియున్నాడు. మల్లెపూవు వంటి కన్ను గలదని పదార్థము. కంటికి తెల్లని రేఖ గలదనియు అర్థము చెప్పుదురు. ఆ లక్షణములు గల ఆడుకుక్క తన్ను పెంచువాని రాష్ట్రమునే కాపాడునట. అనగా, నేడు మనవారు కొందఱు అరిష్టమని పాఱవేయు తెల్లకన్నును 1,400 సంవత్సరములకు పూర్వమే యొక జ్యోతిష్కుడు శుభలక్షణముగా చెప్పెను. అరిష్టమన్నను శుభమన్నను రెండును శకునములే. కావున ఈ వివాదమును శాస్త్రముతో తీర్చుకొనుట మేలు.

12 వ శతాబ్దమున కల్యాణి చాళుక్య రాజైన మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమునందు రాజవినోదములతో పాటు వేటకుక్కలకును ఒక ప్రకరణమును కేటాయించెను. రాజు గ్రంథము వ్రాసెను. కుక్కలను మేపి, జతకూర్చి, వానితో అడవులలో తిరిగినవారి పేర్లు మాత్రము ఏ గ్రంథమునను లేవు. నేటికిని అంతే. ముధోలు కుక్కయన్న రాజా మాలోజీరావు ఘోర్పడే గారి పేరును, ఐదవ జార్జి చక్రవర్తికి వారిచ్చిన కుక్కల జంటయును అందఱకు తెలియును. అంతకుముందు ఆ కుక్కలను తరతరములుగా కాపాడినవారు ఆ ప్రాంతపు బేడరులు మొదలైన వేటకాండ్రు. 1909 లో వెలువడిన థర్‌స్టన్ దొర గ్రంథమున ‘బేడర్ లేక బోయ’ యని ఒక్క శీర్షిక క్రిందనే వ్రాసియున్నారు. ఆ బేడరులు మనవారే యని వేఱుగా చెప్పనక్కఱలేదు. విజయనగర, నాయకరాజుల కాలమున తెలుగునేల విడిచి దక్షిణమునకు పోయిన రాజుల ఊరి పేరిట రాజపాళెము కుక్క ప్రసిద్ధి కెక్కినది. 2005 లో భారత తపాలా శాఖ ముధోలు, రాజపాళెము కుక్కలకు తపాలా బిళ్లలు వేసినది. మన కుక్కకు పేరైనను లేదు.

కన్నుకు రంగు నిచ్చునది మెలనిన్ అను నల్లని వర్ణద్రవ్యము. అది కంటిపాప చుట్టునున్న వలయమున నిండుగా నున్న నల్లకన్ను, తగ్గిన తేనెకన్ను, మిక్కిలి తక్కువైన నీలికన్ను. నీలికంటిలో నీలిరంగు ఏదియు లేదు. ఆకాశము నీలముగా కనబడునట్లే వెలుగు చెదరుటవలన అట్లు కనబడును. ఆస్ట్రియాలో మెండెల్ అను సన్న్యాసి బఠానీ మొక్కలపై పరిశోధించి 1866 లో ప్రకటించిన నియమము కుక్కలకును వర్తించును. ఒక్కొక గుణమునకు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు బీజములు వచ్చును. వానిలో నొకటి బలమైనదైన, రెండవది దాగియుండును. గోధుమరంగు ముక్కును, తేనెకన్నును కలిసి వచ్చుట ఇట్టి దాగిన గుణము. తల్లిదండ్రు లిద్దఱును నల్లకన్నులవారే యైనను, ఇద్దఱియందును ఆ బీజము దాగియున్నచో, సగటున నలుగురు కూనలలో నొకదానికి తేనెకన్ను వచ్చును. దానినిచూచి ఆడుకుక్క పొరుగూరి కుక్కతో కలిసెనని నింద మోపుట తగదు. ఇట్టి తేనెకంటికి చూపునందు గాని వినికిడియందు గాని లోపమేమియు లేదు.

నీలికన్నుది వేఱు కథ. గర్భమునందు పిండము పెరుగునపుడు వర్ణకణములు వెన్నుభాగమునుండి బయలుదేరి చర్మమునకును, కంటికిని, లోపలిచెవికిని ప్రయాణము చేయును. తెల్లమచ్చలను కలిగించు బీజము బలముగా నున్నపుడు అవి గమ్యము చేరవు. చర్మము చేరనిచోట తెలుపు, కన్ను చేరనిచోట నీలము, చెవి చేరనిచోట చెవుడు. లోపలిచెవిలో ఆ కణములు లేకున్న వినికిడి నిలువదు. నీలికన్నుల పిల్లులు తప్పక చెవిటివని డార్విన్ పండితుడు 1859 లోనే వ్రాసెను. తెల్లని ఒడలిపై నల్లచుక్కలు గల డాల్మేషియన్ కుక్కలలో, అమెరికాలో నూటికి సుమారు 30 కి ఒక చెవియైనను వినబడదని పరీక్షలవలన తేలినది. నీలికన్నును దోషముగా నెంచి సంతతికి వాడని ఇంగ్లండులో ఆ పాలు తక్కువ. ఒడలంతయు తెల్లనైన రాజపాళెము కుక్కలలోను చెవుడు కలదు.

మూడవది చారల మచ్చల బూడిదరంగు కుక్క. ఆంగ్లమున మెర్ల్ అందురు. ఆ గుణమునకు కారణమైన బీజమును 2006 లో కనుగొనిరి. ఒక్క బీజమున్న వింతరంగు, ఒకప్పుడు నీలికన్ను. అట్టి రెండు కుక్కలను జతకూర్చి రెండు బీజములును ఒకే కూనకు వచ్చినచో చెవుడును గ్రుడ్డితనమును కలుగవచ్చును. సైబీరియా హస్కీ కుక్కల నీలికన్ను ఈ రెంటికిని చెందినది కాదు. 6,000 కు పైగా కుక్కలను పరీక్షించి 2018 లో దాని మూలమును 18 వ వర్ణసూత్రమున గుర్తించిరి. దానివలన చెవుడు వచ్చుట కానరాలేదు. కావున నీలికన్నులన్నియు ఒక్క జాతివి కావు. కన్ను చూచి తీర్పు చెప్పక, చెవిని పరీక్షించి చెప్పవలెను.

వేటకానికి చెవిటి కుక్క పనికిరాదు. ఈలకు తిరిగిరాని కుక్క పంది కోరకు బలియగును, యజమానుని ఆపదపాలు చేయును. అట్టి కుక్కలు అడవిలోనే రాలిపోయి, సంతానము లేక పోవుటవలన, వేట జరిగినంతకాలము ఆ దోషము తనంత తాను అణగియుండెనని మేము తలచుచున్నాము. 1972 లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట వేట నేరమైనది. నల్లమలలో పెద్దపులుల రక్షితారణ్యము ఏర్పడినది. చట్టమును మేము నిందింపము. అడవియే లేనినాడు బోయవాడు లేడు. కాని అడవి చేసిన పరీక్ష పోయినది. నేడు కుక్కలు చేలగట్లమీద కావలి కాయుచున్నవి. చెవిటిదియు మొఱుగును, సంతానమును కనును. పైగా మిగిలినవి కొలదిగా నుండుటచేత అన్నను చెల్లెలిని జతకూర్చుట పెరిగి, దాగిన బీజములు రెండును కలియుట అధికమైనది.

కావున పోషకులకు మా విన్నపము. కూనల కన్నులు పది పదునాలుగు దినములకు తెఱచుకొనును. అపుడు అన్ని కూనల కన్నులును నీలముగానే యుండును. నిజమైన రంగు నిలుచుటకు రెండుమూడు నెలలు పట్టును. రెండువారముల కూనను నీలికన్నని పాఱవేయుటకంటె అన్యాయము లేదు. ఐదవ వారము దాటిన పిదప కూనకు కనబడకుండ వెనుకనుండి చప్పట్లు చఱచి చూడవలెను. రెండు చెవులును వినబడనిది దీనివలన తెలియును. ఒక్కచెవి చెవిటిదైన దానిని పశువైద్య కళాశాలల వంటి చోట్ల విద్యుత్పరికరముతో మాత్రమే కనుగొనవచ్చును. చెవిటి కూనను చంపవలదు. ఇంటిలో కట్టి పెంచవచ్చును, జతకూర్పరాదు.

పొదిలి, కొనకనమిట్ల, మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములలో వేటకుక్కలను పెంచు కుటుంబములవారు ఒక పుస్తకమును పెట్టి, ప్రతి ఈతకును తల్లి పేరు, తండ్రి పేరు, ఏ యూరిది, కూనలెన్ని, ఒక్కొకదాని ఒడలి రంగు, ముక్కు రంగు, మూడవ నెలలో కుడికన్ను రంగు, ఎడమకన్ను రంగు వేఱువేఱుగా, వినికిడి ఎట్లున్నదో వ్రాయవలయును. వ్రాయనేర్వని పెద్దలు చెప్పగా బడిపిల్లలు వ్రాయవచ్చును. వచ్చు మహాసభకు ఆ పుస్తకములను తెచ్చినచో అన్నింటిని చేర్చి మూడు తరములవఱకు పట్టిక కూర్చుటకు మేము సిద్ధముగా నున్నాము.