సిపాయి పుస్తకములో సగము పేరు

క్రిందటి ఉగాదినాడు మన సంఘ సమావేశము ముగిసి అందరూ ఇండ్లకు బయలుదేరు వేళ, బాగేపల్లి వైపు పల్లెనుండి వచ్చిన ఒక వృద్ధురాలు మా చేతిలో చిన్న గుడ్డమూట పెట్టినది. విప్పి చూచితిమి. అంచులు నలిగిన ఒక పుస్తకము. రెండేండ్ల క్రిందట కాలము చేసిన ఆమె పెనిమిటి పటాలమునుండి తెచ్చుకొన్న డిశ్చార్జి పుస్తకము అది.

“నాయనా, నువ్వు రైల్వేలో రాసే పనిలో ఉండావంట. దీంట్లో నా పేరు ఉండాదో లేదో చూసి చెప్పు” అన్నది.

పేరున్నది, కాని సగమే ఉన్నది. ఆధారు కార్డులో మూడు మాటలుగా ఉన్న పేరు సైన్యపు కాగితములో ఒక్క మాటగా మిగిలినది. ఇంటిపేరు భర్త పేరులో ముందున్నది, ఆమె పేరులో లేనే లేదు. ఇద్దరు వేర్వేరు స్త్రీలని అనుమానము వచ్చి కుటుంబ పింఛను ఆగిపోయినది. రైల్వే గుమాస్తాలమైన మాకు సర్వీసు రిజిస్టరులో ఒక్క అక్షరము తప్పితే ఏమగునో తెలియును గనుక, ఆ పుస్తకమును చేతబట్టుకొని దాని వెనుకనున్న చరిత్రను కొంత తెలిసికొన ప్రయత్నించితిమి. దానినే ఈ సంచికలో సోదర కుటుంబముల ముందు ఉంచుచున్నాము.

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు 2007 వరకు కోలారు జిల్లాలోనివి. స్వాతంత్ర్యమునకు పూర్వము అవి మైసూరు సంస్థానములోని భాగములు. కైవారము తాతయ్యగారు తెలుగునను కన్నడమునను పాడిన నేల ఇది. తెలుగు మాటలాడు కుటుంబములు ఇచ్చట తరతరములుగా ఉన్నవి. మనవంటివారము బ్రతుకుతెరువుకై తరువాత వచ్చి కలిసినాము. సైన్యములో చేరగోరిన యువకునికి రెండు దారులు దగ్గరలోనే ఉండెను. ఒకటి మైసూరు మహారాజుగారి సేన. రెండవది 1780లో పుట్టి 1834నుండి బెంగుళూరులో స్థిరపడిన మద్రాసు సాపర్ల దళము.

మైసూరు లాన్సర్లు 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూరు లాన్సర్లతో కలిసి పాలస్తీనాలోని హైఫా పట్టణమును గెలిచినారు. ఈ విజయమును అందరును చెప్పుకొందురు. రెండవ ప్రపంచ యుద్ధములోని కథ అంత సుఖముగా చెప్పుకొనదగినది కాదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయినప్పుడు మైసూరు పదాతిసేనలోని ఒకటవ పటాలము అచ్చటనే ఉన్నది. నాడు చిక్కిన భారత సైనికులు వేలకు వేలు. వారిలో కొందరు ఖైదీలుగానే ఉండిపోయినారు, కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరినారు.

యుద్ధము ముగిసిన తరువాత బ్రిటిషు ప్రభుత్వము ఫౌజు ఖైదీలను విచారించి తెలుపు, బూడిద, నలుపు అని మూడు రంగులుగా విడదీసినది. తెలుపువారికి కొలువు నిలిచినది. బూడిదవారిని డిశ్చార్జి చేసినారు. నలుపువారిని డిస్మిస్ చేసి జీతపు బాకీలను కూడ జప్తు చేసినారు. ఎర్రకోట విచారణలో ముగ్గురు అధికారులకు విధించిన ద్వీపాంతరవాసము 1946 జనవరిలో రద్దయినది గాని, ఉద్యోగము ఊడుట, జీతము పోవుట మాత్రము అట్లే ఉండిపోయినవి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను వారిని మరల సైన్యములోనికి తీసికొనలేదు. 1972లో స్వాతంత్ర్య సమరయోధులకు పింఛను ఏర్పడినప్పుడు ఫౌజువారికి అందులో చోటు దొరికినది. అప్పటికి యుద్ధము ముగిసి ఇరువదియేడేండ్లు.

ఇటువంటి ఆలస్యము మన దేశమునకే చెందినది కాదు. అమెరికాలో 1906లో టెక్సాసులోని బ్రౌన్స్‌విల్ పట్టణమున జరిగిన కాల్పులకు 167 మంది నల్లజాతి సైనికులను, ఏ కోర్టు విచారణయు లేకుండ, గౌరవహీనులుగా పంపివేసినారు. ఆ దేశములో 1944 చట్టము డిశ్చార్జీలను పునఃపరిశీలించుటకు బోర్డులను ఏర్పరచినది. 1946లో సైనిక రికార్డులను దిద్దుటకు వేరే చట్టము వచ్చినది. అయినను ఆ 167 మంది పేర్లకు అంటిన మచ్చ తుడుపబడినది 1972లోనే. అప్పటికి వారిలో బ్రతికియున్నవారు ఒకరిద్దరే.

ఇక మన చట్టమునకు వత్తము. డిశ్చార్జి వేరు, డిస్మిస్ వేరు. సాధారణముగా పదునైదేండ్ల సేవ నిండిన జవానుకు పింఛను కలదు. డిస్మిస్ అయినవానికి లేదు. అందుచేత ఒక్క మాట తేడాతో ఒక సంసారమే తారుమారగును. 1950 నాటి సైన్య చట్టము 23వ సెక్షనులో మన మందరము ఎరుగవలసిన సంగతి ఒకటి ఉన్నది. సేవ ముగిసిన సిపాయికి ఇచ్చు సర్టిఫికెట్టు ఇంగ్లీషుతోబాటు అతని మాతృభాషలో కూడ ఉండవలెను. ఎవరి ఉత్తరువున సేవ ముగిసినది, ఏ కారణమున, మొత్తము ఎంతకాలము, ఈ మూడును అందులో వ్రాయవలెను. అనగా తెలుగు సిపాయికి తన కాగితమును తెలుగులో చదువుకొను హక్కు ఉన్నది.

చాలకాలము ఇట్టి తగవులకు హైకోర్టే గతి. 2007లో చట్టము చేసి, 2009 ఆగస్టులో సాయుధ బలగాల ట్రిబ్యునలును ప్రారంభించినారు. కర్ణాటక వ్యాజ్యములను కొచ్చి బెంచి పరిధిలో చేర్చినారు. సుప్రీముకోర్టు తీర్పులు కూడ సిపాయికి తోడ్పడినవి. సైన్యములో చేరునాడు రోగమున్నట్లు వ్రాయబడనిచో, తరువాత వచ్చిన వైకల్యము సేవవలన వచ్చినదనియే భావింపవలెనని 2013లో చెప్పినది. నాలుగు ఎర్రసిరా శిక్షలు పడినంతమాత్రాన విచారణ లేకుండ సిపాయిని ఇంటికి పంపరాదని 2015లో చెప్పినది.

అయితే ఆలస్యము చేసినవారికి నష్టము తప్పదు. 1983లో అనారోగ్యమువలన పంపబడిన ఒక సైనికుడు 1999లో కోర్టుకు వెళ్ళెను. వైకల్య పింఛను దొరికినది గాని, బకాయి అర్జీకి ముందటి మూడేండ్లకే పరిమితమని 2008లో సుప్రీముకోర్టు తీర్మానించినది. తక్కిన ఏండ్ల సొమ్ము పోయినట్లే. మేము చూచిన మరొక సంగతి. చింతామణి తాలూకా పెద్దమనిషి ఒకరు, పింఛను వయసు అందకముందే ఎర్రసిరా శిక్షలవలన ఇంటికి వచ్చినవారు, ముప్పది ఏండ్లు ఆ పుస్తకమును ఇంటిలో ఎవరికిని చూపలేదు. సిగ్గుపడినారు. చివరకు మాకు చూపినారు. అర్జీ వ్రాసి పంపితిమి. సాధ్యపడదని జవాబు వచ్చినది. ట్రిబ్యునలుకు వెళ్ళుదమన్నాము. “ఇప్పుడు కొచ్చికి ఎవురు తిరిగేది స్వామీ?” అన్నారు. మేము మారు పలుకలేకపోతిమి.

గుడ్డమూట తెచ్చిన అవ్వ సంగతి మేలుగా ముగిసినది. డిశ్చార్జి పుస్తకము, పింఛను ఉత్తరువు, మరణ ధ్రువపత్రము, ఆధారు కార్డు నకళ్ళకు, రెండు పేర్లును ఒక్కరివే అను ప్రమాణపత్రమును జతచేసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా ఆ దళపు రికార్డు ఆఫీసుకు పంపితిమి. అచ్చట పేరు దిద్దిన తరువాత, కాగితములు ప్రయాగరాజులోని రక్షణశాఖ పింఛను లెక్కల కార్యాలయమునకు వెళ్ళి, సవరించిన ఉత్తరువు వచ్చినది. పది నెలలు పట్టినది. బకాయితో సహా పింఛను అందినది. మేము చేసినది పెద్ద పనియేమియు కాదు. చదివితిమి, వ్రాసితిమి, బాగేపల్లికి రైలు లేదు గనుక నాలుగైదుసార్లు బస్సెక్కితిమి.

ఇప్పుడు సైనిక పింఛనులు స్పర్శ్ అను కంప్యూటరు పద్ధతిలోనికి మారినవి. పాత పుస్తకములో గుమాస్తా తొందరలో వ్రాసిన తప్పు ఇన్నాళ్ళు నిద్రించినను, ఇకమీద పేరుకు పేరు, తేదీకి తేదీ సరిపోల్చునప్పుడు మేల్కొనును. అందుచేత మా మనవి ఒక్కటే. మీ ఇంటిలోగాని, మీ ప్రక్క ఇంటిలోగాని పటాలమునకు పోయి వచ్చినవారుంటే, వారు బ్రతికియుండగానే ఆ పుస్తకమును తెరిపింపుడు. భార్య పేరు పూర్తిగా ఉన్నదా, పిల్లల పుట్టిన తేదీలు ఎక్కినవా, సేవ ముగియుటకు కారణమేమని వ్రాసినారు, ఈ మూడు చూడుడు. తప్పున్నచో తెండు. మన సంఘములో చదువుకొన్నవారము, కచేరీలలో పనిచేయువారము చాలమంది ఉన్నాము. అర్జీ వ్రాయుటకు ఒక సాయంకాలము చాలును.

పంచాంగము మారినప్పుడు పాత లెక్కలు సరిచూచుకొనుట మన ఇండ్లలో వాడుకయే గదా. ఈ ఏడు ఆ లెక్కలలో సిపాయి పుస్తకమును కూడ చేర్చుకొందము.