మసకగా పడినవాళ్లు

1899. సంక్రాంతి వెళ్లిన కొత్త. రాజమండ్రి కోటిలింగాల రేవు మెట్ల మీద నిలబడ్డారు మీరు. ఊరి వెనక నుంచి ఎక్కివస్తున్న పొద్దు వీపుకు వెచ్చగా తగులుతోంది. మంచు విడుతున్నకొద్దీ ఎదుట గోదారి, ఆవలి గట్టున సన్నటి గీతలా కొవ్వూరు తేలుతున్నాయి.

బెజవాడ వైపు నుంచి వచ్చే రైలు అక్కడే ఆగిపోతుంది. జనం మూటాముల్లె దించుకుని, ఏరు దాటి, ఈ గట్టున మళ్లీ రైలెక్కాలి. ఆ అవస్థ తీర్చడానికే మీ ఎడమవైపున వంతెన కడుతున్నారు. 1897లో మొదలైన పని. నది ఇసుకలోకి లోతుగా దించిన పునాదుల మీద రాతి స్తంభాలు లేస్తున్నాయి. వచ్చే ఏడాది పూర్తయ్యేసరికి 56 ఖానాలు, ఒక్కోటి 150 అడుగులు. దానికి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెడతారు. కట్టించిన ఇంజినీరు వాల్టన్ పేరూ నిలుస్తుంది.

రేవులో నీళ్లు నిండుగా ఉన్నాయి. దిగువన ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852 నాటికి పూర్తి చేయించిన ఆనకట్ట ఏటికి అడ్డుపడి నిలబెట్టిన నీరది. అక్కడి లాకులు దాటితే పడవలు కాలవల వెంట డెల్టా ఊళ్లకు వెళ్లిపోతాయి.

మీ పక్కన ముక్కాలి పీట మీద కెమెరా. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చి, చెయ్యెత్తి ఆగమన్నాడు. స్నానం చేసి మెట్టెక్కుతున్న పెద్దాయన చెంబుతో సహా ఆగిపోయాడు. కానీ వెదురు మోపు నెత్తికెత్తుకున్న మనిషి ఎలా ఆగుతాడు? మోకాలిలోతు నీళ్లలోంచి మెట్టు మీదికి కాలు వేశాడు. మోపు కొస ఊగింది. గుడ్డ చుట్ట కింద మెడ నరాలు బిగిశాయి. వెనక పడవవాడు గెడ లోతుగా గుచ్చి, దాని మీద ఒళ్లంతా వాల్చి తోశాడు.

కెమెరాలోని ప్లేటు మీద కదలని మెట్లు స్పష్టంగా పడ్డాయి. గట్టు మీది గుడి పడింది, స్తంభాలు పడ్డాయి, పెద్దాయన పడ్డాడు. కదలడంతో మోపు మోసిన మనిషికి కాళ్లు లేవు. గెడ పట్టిన చేతులు పొగచారగా మిగిలాయి.

పాత ఫొటోల్లో నేను ముందు వెతికేది ఆ చారలనే. కదిలిన చోటే పని జరిగింది. ఊరు బతికింది ఆ పనితోనే. హేవలాక్ వంతెన 1997లో రైళ్లను కొత్త వంతెనకు అప్పగించి విశ్రాంతి తీసుకుంది. దాని కొలతలన్నీ కాగితాల్లో భద్రం. మసకగా పడినవాళ్ల సంగతే ఎక్కడా లేదు. మీ ఇంట్లో గోదారి గట్టు పాత ఫొటో ఉంటే, ఏ రేవు, ఏ రకం పడవ, ఏ సరుకు అని ఇంటి పెద్దల్ని అడిగి వెనక రాసిపెట్టండి. చెప్పగలిగినవాళ్లు ఉన్నప్పుడే ఆ పని అయిపోవాలి.