కారు కిందికి దించాలంటే ముందు ఏం కొనాలి? ఒక లోరైడర్, ఒక ఫార్ములా వన్ కారు చెప్పే జవాబు

ఈ ఎపిసోడ్‌లో కారు దించడం గురించి మాట్లాడుకుందాం. షోరూమ్ నుంచి కొత్త కారు దించడం కాదండీ, ఉన్న కారు ఎత్తు తగ్గించడం. స్ప్రింగులు మారిస్తే సరిపోతుందా, కాయిలోవర్లు వేయించాలా, ఎయిర్ సస్పెన్షన్‌కి వెళ్లాలా అన్నది అసలు ప్రశ్న. జవాబు చెప్తాను. కాకపోతే దానికి ముందు ఒకసారి కాలిఫోర్నియా వెళ్లొద్దాం, 1958కి.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లు పాత షెవర్లేలు కొనుక్కుని, వాటిని నేలకి దాదాపు ఆనేలా చేసుకుని, వీధుల్లో మెల్లగా తిప్పేవాళ్లు. లోరైడర్లు అంటే అవే. దించే పద్ధతి మాత్రం నాటు వైద్యమే. డిక్కీలో ఇసుక బస్తాలు వేయడం, లేదంటే స్ప్రింగు చుట్లు కోసేయడం. 1958లో కాలిఫోర్నియా ప్రభుత్వం ఒక రూల్ తెచ్చింది: కారులో ఏ భాగమూ చక్రం రిమ్ము అడుగు అంచు కంటే కిందికి ఉండకూడదు. ఇసుక బస్తాలైతే తీసేయొచ్చు. కోసేసిన స్ప్రింగుని ఏం చేస్తాం?

అప్పుడు రాన్ అగీరే అనే ఆయన ఒక పని చేశాడు. 1959లో తన కార్వెట్‌కి విమానాల్లో వాడే హైడ్రాలిక్ పంపులు బిగించాడు. స్విచ్ వేస్తే కారు లేస్తుంది, ఇంకో స్విచ్ వేస్తే కూర్చుంటుంది. పోలీసు కనిపిస్తే కారు చట్టం చెప్పిన ఎత్తులో ఉంటుంది, ఆయన వెళ్లిపోగానే మళ్లీ నేల మీదికి. ఆ రూల్‌ని కాలిఫోర్నియా పూర్తిగా తీసేసింది ఎప్పుడో తెలుసా? 2024 జనవరి 1 నుంచి. మొన్న మొన్నటి దాకా ఉందన్నమాట.

లోరైడర్‌కి ఒక సుఖం ఉంది: అది మెల్లగా వెళ్తుంది. గంటకి 20 కిలోమీటర్ల వేగంలో సస్పెన్షన్‌కి పెద్దగా పరీక్ష ఉండదు. అదే కారు వంద దాటి మలుపు తిరగాలంటే కథ మొత్తం మారిపోతుంది. అందుకే రెండో కారు.

1978లో మారియో ఆండ్రెట్టి లోటస్ 79తో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ కారు అడుగు భాగం తలకిందులు చేసిన విమానం రెక్కలా ఉండేది. కింద గాలి వేగంగా పారి, ఒత్తిడి తగ్గి, కారు రోడ్డుని అతుక్కునేది. పక్కల నుంచి బయటి గాలి దూరకుండా నేలని రాసుకుంటూ జారే స్కర్టులు ఉండేవి. మలుపుల్లో వేగాలు భయం పుట్టించేంతగా పెరిగాయి. దాంతో 1981 సీజన్‌కి జారే స్కర్టులు నిషేధించి, కారుకీ నేలకీ మధ్య కనీసం 6 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలని రూల్ పెట్టారు.

ఇక్కడే లొసుగు. 250 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు కింద స్కేలు పెట్టి ఎవరు కొలుస్తారు? కారు ఆగి ఉన్నప్పుడే కొలవగలరు.

బ్రాభమ్ టీమ్ డిజైనర్ గోర్డన్ మరే ఇది పట్టుకున్నాడు. సౌతాఫ్రికాలో పుట్టిన ఇంజినీరు, తర్వాత మెక్‌లారెన్ ఎఫ్1 రోడ్డు కారు డిజైన్ చేసింది ఈయనే. బీటీ49సీ అనే కారుకి హైడ్రో న్యూమాటిక్ సస్పెన్షన్ పెట్టాడు. ఆగి ఉన్నప్పుడు 6 సెంటీమీటర్లు కరెక్టుగా ఉంటుంది. వేగం పెరిగితే గాలి ఒత్తిడికి కారు మెల్లగా కిందికి దిగుతుంది. స్లో కార్నర్ వచ్చినా వెంటనే లేవదు, ఎందుకంటే లోపల ద్రవం వెనక్కి రావాల్సిన దారి చాలా సన్నం. రేసు అయ్యాక నింపాదిగా పిట్స్‌కి వచ్చేలోపు మళ్లీ 6 సెంటీమీటర్లు. కారులో స్విచ్ లేదు, డ్రైవర్ చేసేదీ ఏం లేదు. అగీరే ఐడియా లాంటిదే, తిరగేశారంతే. ఆయన పోలీసు చూసినప్పుడు లేపాడు, ఈయన ఎవరూ కొలవలేనప్పుడు దించాడు. 1981 అర్జెంటీనా గ్రాండ్ ప్రిలో నెల్సన్ పికే ఆ కారుతో పోల్ కొట్టి, రేసు గెలిచాడు. సీజన్ చివర ఒకే ఒక్క పాయింటు తేడాతో, 50కి 49, ఛాంపియన్ అయ్యాడు.

మిగతా టీములు కాపీ కొట్టాయి. వాళ్ల పద్ధతిలో ఏమాత్రం సొగసు లేదు. డ్రైవర్ ఒక స్విచ్ వేస్తే కారు కూలబడుతుంది. ఇక కూలబడ్డ కారు నేలని కొట్టుకోకుండా, అదే ఎత్తులో కదలకుండా ఉండాలి కదా, అందుకని స్ప్రింగుల్ని దాదాపు ఇనప దిమ్మల్లా గట్టిగా చేశారు. 1982లోనూ అదే నడిచింది. సస్పెన్షన్ చేయాల్సిన పని టైర్ల పక్క గోడలు చేసేవి, మిగిలింది డ్రైవర్ నడుము చేసేది. 1983లో కారు అడుగు బల్లపరుపుగా ఉండాలని రూల్ వచ్చాక గానీ ఆ బాధ తీరలేదు.

ఇదేదో పాత కాలం ముచ్చట అనుకోకండి. 2022లో ఫార్ములా వన్ మళ్లీ గ్రౌండ్ ఎఫెక్ట్‌కి వెళ్లింది. ఆ ఏడాది బాకు రేసు అయ్యాక లూయిస్ హామిల్టన్ కారులోంచి నడుము పట్టుకుని దిగడం మీలో చాలామంది లైవ్‌లోనే చూసుంటారు. కిందికి దించిన కారు, గట్టి స్ప్రింగులు, స్ట్రెయిట్‌లో ఎగిరెగిరి పడటం. 40 ఏళ్ల తర్వాత అదే నడుము నొప్పి. ఆ తర్వాతి ఏడాదికి ఫ్లోర్ అంచుల్ని 15 మిల్లీమీటర్లు పైకి లేపమన్నారు.

ఇప్పుడు మన కారుకి వద్దాం. రోడ్డు కారు అడుగున గాలి చేసే మేలు దాదాపు ఏం లేదు. మిగిలింది గురుత్వ కేంద్రం. అది నేలకి 500 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. కారుని 30 మిల్లీమీటర్లు దించితే, మలుపులో లోపలి టైరు నుంచి బయటి టైరు మీదికి వెళ్లే బరువు సుమారు 6 శాతం తగ్గుతుంది. అంతే. దించిన కారు నడిపి 'అబ్బా, రైలు పట్టాల మీద వెళ్తున్నట్టుంది' అంటారు చూడండి, ఆ ఫీలింగ్‌లో ఎక్కువ భాగం గట్టి స్ప్రింగుదీ మంచి షాక్ అబ్జార్బర్‌దీ. ఎత్తుది చాలా కొంచెం.

మరి దించినందుకు కట్టే మూల్యం ఎంత? ఇంటర్ ఫిజిక్స్‌లో బట్టీ పట్టిన హాఫ్ కే ఎక్స్ స్క్వేర్ ఇక్కడ పనికొస్తుంది. చక్రం పైకి కదలడానికి 80 మిల్లీమీటర్ల చోటు ఉందనుకోండి, మీరు 40 దించేశారు. చోటు సగమైంది. అదే దెబ్బని ఆ సగం చోటులో మింగాలంటే స్ప్రింగు 4 రెట్లు గట్టిగా ఉండాలి. అంత గట్టిది రోడ్డు కారుకి ఎవరూ వేయరు, వేస్తే మీ పరిస్థితి 1982 డ్రైవర్లదే. కాస్త గట్టిది వేస్తారు, మిగతా దెబ్బ బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్క తింటుంది. మలుపు మధ్యలో ఆ రబ్బరు తగిలిందంటే ఆ మూల ఒక్కసారిగా రాయిలా బిగుసుకుపోతుంది, టైరు పట్టు జారుతుంది. ప్రమాదం ఉన్నది అక్కడే. లుక్ కోసం స్ప్రింగు చుట్టు కోయించుకున్న కారులో ఇంకో గొడవ కూడా ఉంది: చక్రం గాల్లోకి లేచినప్పుడు పొట్టి స్ప్రింగు దాని సీటులోంచి పక్కకి తప్పుకోవచ్చు.

ఇంకోటి, స్ప్రింగు 4 రెట్లు గట్టిపడితే దాన్ని అదుపులో పెట్టడానికి షాక్ పట్టు 2 రెట్లు కావాలి. స్ప్రింగు ఎంత మార్చినా ఈ లెక్క వర్గమూలంలో నడుస్తుంది. 60 వేల కిలోమీటర్లు తిరిగి అలసిపోయిన కంపెనీ షాక్ మీద కొత్త లోవరింగ్ స్ప్రింగు వేస్తే కారు ఊగుతూనే ఉంటుంది. షాక్ ఎంత ముఖ్యమో జర్మన్లకి ముందే తెలుసు. పాతరకం షాక్‌లలో నూనె, గాలి కలిసిపోయి నురగ వచ్చి పట్టు పోయేది. ఫ్రెంచ్ ఇంజినీరు బూర్సియే ద కార్బన్ ఒకే గొట్టంలో నూనెనీ, ఒత్తిడితో నింపిన గ్యాస్‌నీ విడదీసి పెట్టే పద్ధతి తెచ్చాడు. ఆ హక్కులు బిల్‌స్టైన్ కంపెనీ తీసుకుంది, 1957లో మెర్సిడెస్ కార్లకి వేయడం మొదలైంది. ఇవాళ మీరు చూసే పసుపు, నీలం రంగు షాక్‌ల వెనక ఉన్నది ఆ కథే.

కాబట్టి నా జవాబు. డబ్బు పరిమితంగా ఉంటే ముందు షాక్‌లు కొనండి, ఎత్తు అలాగే ఉంచండి. కారు సగం బాగుపడేది అక్కడే. దించాల్సిందే అంటే 20, 25 మిల్లీమీటర్లు, దానికి సరిపడే పొట్టి బాడీ షాక్‌లతో కలిపి ఒకే సెట్‌గా తీసుకోండి. కాయిలోవర్ మంచిదే, కానీ ఎత్తు మార్చే రింగు ఉంది కదా అని అడుగు దాకా తిప్పేవాళ్లకి అది దండగ. మన దగ్గర ఎక్కువ కార్లకి ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. బాగా దించితే లోయర్ ఆర్మ్ చక్రం వైపు పైకి వాలుతుంది, దాంతో రోల్ సెంటర్ కారు కంటే ఎక్కువగా కిందికి పడిపోతుంది. కారు దిగిందని సంబరపడతాం, అది మాత్రం ఇంకా ఎక్కువ ఒరగాలని చూస్తుంది. టై రాడ్ కోణం కూడా మారి, గుంతలో పడినప్పుడల్లా స్టీరింగ్ తనంతట తానే లాగుతుంది. పొడవాటి బాల్ జాయింట్లున్న కిట్ వేస్తే ఇది కొంత సర్దుకుంటుంది. ఏం వేసినా అలైన్‌మెంట్ చేయించకుండా షెడ్డు గేటు దాటకండి.

మన రోడ్ల సంగతి వేరే చెప్పాలా? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మీ కాలనీలో వాళ్లు రాత్రికి రాత్రి వేసుకున్నది ఎంతుందో మీకే తెలుసు. పైగా 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 గురించి చెప్పింది గుర్తుందిగా, కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదని. జర్మనీలో అయితే స్ప్రింగు సెట్‌తో పాటు సర్టిఫికెట్ వస్తుంది, తనిఖీ చేయించుకుని నమోదు చేసుకుంటారు. మన దగ్గర ఆ దారి లేదు. చెన్నై, కోయంబత్తూరు ట్రాక్‌లకి వేరే కారు పెట్టుకున్నవాళ్ల సంగతి వేరు.

ఎయిర్ సస్పెన్షన్, లిఫ్ట్ కిట్ అడిగేవాళ్లకి చివరగా ఒక మాట. పోర్షే 992 తరం 911కి ముందు భాగాన్ని లేపే సిస్టమ్ ఆప్షన్‌గా ఇస్తుంది. మీ ఇంటి ర్యాంపు దగ్గర ఒకసారి బటన్ నొక్కితే జీపీఎస్‌లో ఆ చోటు గుర్తుపెట్టుకుని, మళ్లీ అక్కడికి రాగానే దానంతట అదే లేస్తుంది. 1959లో అగీరే విమానం పంపులతో చేసిన పనే, ఇప్పుడు పోర్షే ఆప్షన్స్ లిస్టులో ఉంది.

నెక్స్ట్ ఎపిసోడ్ టైర్ల గురించి. అంతవరకు బై.