సూది ఇంటికొచ్చింది, డబ్బా రాలేదు

ఒకప్పుడు సూదిని పారేయడమన్న మాటే లేదు. మందు ఎక్కించాక గాజు సిరంజిని విడదీసి, కడిగి, స్టీలు పెట్టెలో నీళ్ళు పోసి స్పిరిట్ దీపం మీద మరిగించేవారు. సూది రంధ్రం పూడుకుపోకుండా సన్నని తీగ దూర్చి ఉంచేవారు. మొన మొద్దుబారితే సానరాయి మీద నాలుగు రుద్దులు రుద్ది మళ్ళీ పదును తెచ్చేవారు. కాంపౌండరు చేతిలో అదే సూది నెలల తరబడి ఊరందరికీ పనిచేసేది. చెత్తకుప్పలో పడేయడానికి అదేమీ చవక వస్తువు కాదు.

ఆ సూది వైద్యుడి చేతిలోంచి రోగి చేతికి మారడం ఇన్సులిన్‌తో మొదలైంది. 1922 జనవరి 11న టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రాడికి తొలి ఇన్సులిన్ ఇంజక్షన్ ఇచ్చారు. ప్రాణం నిలవాలంటే ఆ మందు రోజూ పడాలి, బతికినంత కాలం పడాలి. రోజుకు రెండు మూడు సార్లు ఆసుపత్రికి ఎవరు వెళ్ళగలరు? కాబట్టి రోగులే పొడుచుకోవడం నేర్చుకున్నారు. పసిపిల్లలకు తల్లులు పొడిచారు. 1924 నాటికే బెక్టన్ డికిన్సన్ కంపెనీ ఇన్సులిన్ కోసం ప్రత్యేకంగా సిరంజి తయారు చేసింది.

దక్షిణాదిలో ఈ విద్యకు బడి మద్రాసు. 1954లో డాక్టర్ ఎం. విశ్వనాథన్ అక్కడి రాయపురంలో షుగరు జబ్బుకే ప్రత్యేకించి ఒక ఆసుపత్రి పెట్టారు. ఆ బడికి దూరాన, ఇప్పుడు ధర్మపురి జిల్లాలో టమాటా మార్కెట్టుకూ సహకార చక్కెర మిల్లుకూ పేరుపడ్డ పాలకోడు ఊరు అప్పట్లో సేలం జిల్లాలో ఉండేది. ధర్మపురి జిల్లా ఏర్పడింది 1965 అక్టోబరు 2న. తమిళం, తెలుగు, కన్నడం మూడూ వినిపించే ప్రాంతమది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఫ్రిజ్ అనేది ఏ కొద్దిమంది ఇళ్ళలోనో ఉండేది. మిగతావాళ్ళు ఇన్సులిన్ సీసాను తడి తగలకుండా చుట్టి, మట్టికుండలో పెట్టి, కుండను నీడలో ఉంచి చల్లదనం కాపాడుకునేవారు. ఇప్పటికీ ఆ పద్ధతిలో మందు దాచుకునే ఇళ్ళున్నాయి. మందును ఎలా భద్రపరచాలో జనానికి నేర్పినవాళ్ళు ఉన్నారు. వాడిన సూదిని ఏం చేయాలో నేర్పాల్సిన అవసరం మాత్రం ఆ గాజు రోజుల్లో ఎవరికీ తోచలేదు.

తర్వాత వచ్చింది ప్లాస్టిక్. న్యూజిలాండ్‌కు చెందిన మందుల షాపతను కొలిన్ మర్డోక్ ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజికి 1956లో పేటెంటు తీసుకున్నాడు. అయినా మన పల్లెలకు అది చేరడానికి ఒక భయం తోడు కావలసి వచ్చింది. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన రక్త నమూనాల్లో దేశంలోనే మొదటిసారి హెచ్‌ఐవీ బయటపడింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు మరిగించే పెట్టె మూలకు చేరింది. ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్ళినా సరే, "కొత్త సూది వెయ్యండి" అని అడిగి, కవరు తన కళ్ళెదుటే చింపితే గాని చెయ్యి చాపని జనం తయారయ్యారు. ప్రజారోగ్య చరిత్రలో ఇది చిన్న విజయం కాదు, చదువూ హోదా లేని మనిషి తన ఒంట్లోకి వెళ్ళేదాన్ని గురించి నిలదీసి అడగడం నేర్చుకున్నాడు.

కవరు చింపడం చూశారు గాని, వాడాక సూది ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. 2002-03లో దేశమంతటా జరిపిన ఒక అధ్యయనంలో ఏటా దాదాపు 300 కోట్ల ఇంజక్షన్లు వేస్తున్నారనీ, వాటిలో 63 శాతం సురక్షితం కావనీ తేలింది. పారేసిన సిరంజిలను ఏరి, కడిగి, మళ్ళీ కొత్తవాటిలా అమ్మే వ్యాపారం కూడా నడిచింది. దాని ఫలితం 2009 మొదట్లో గుజరాత్‌లోని మోడాసా చూసింది. వాడిన సిరంజిలతో హెపటైటిస్-బి అక్కడ చుట్టుపక్కల ఊళ్ళకు పాకి ఎన్నో ప్రాణాలు తీసింది.

చట్టం మరీ నిద్రపోలేదు. ఆసుపత్రి వ్యర్థాలపై మొదటి నియమాలు 1998 జులైలో వచ్చాయి. పిల్లల టీకాల కార్యక్రమంలోకి, ఒక్కసారి నొక్కగానే పిస్టన్ బిగుసుకుపోయి మళ్ళీ పనికిరాని సిరంజిలు 2005 ప్రాంతంలో ప్రవేశించాయి. టీకా వేసిన నర్సు అక్కడికక్కడే సూదిని కత్తిరించే చిన్న పరికరమూ వచ్చింది. 2016 మార్చి నాటి కొత్త నియమాలు సూదులకు ఓ రంగు కూడా కేటాయించాయి: తెల్లటి, లోపల ఉన్నది కనబడే, సూది గుచ్చినా చిరగని డబ్బా. ఇవాళ ఏ ప్రభుత్వ ఆసుపత్రి వార్డులో చూసినా ఆ డబ్బా ఉండాలి.

మరి ఇంట్లో సూది? రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ తీసుకుంటూ ప్రతిసారీ కొత్త సూది వాడే మనిషి ఇంట్లో ఏడాదికి 730 సూదులు పోగవుతాయి. 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు వాటిని పెయింటు డబ్బాలు, ట్యూబ్‌లైట్లు, పగిలిన థర్మామీటర్ల సరసన 'ఇళ్ళ నుంచి వచ్చే ప్రమాదకర వ్యర్థం'గా లెక్కగట్టాయి. ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం పెట్టి, అది తెరిచే వేళలు జనానికి తెలియజేయాలని పట్టణాలను ఆదేశించాయి. కాగితం మీద మంచి మాటే. కానీ కేంద్రం ఎక్కడుందో తెలియని ఇంట్లో సూది వెళ్ళేది నల్ల సంచిలోకే. కూరగాయల తొక్కలు, పాలప్యాకెట్ల మధ్య అది దాక్కుంటుంది. ఇన్సులిన్ పెన్నుకు బిగించే సూదుల్లో చిన్నదాని పొడవు 4 మిల్లీమీటర్లే, మందం రెండు మూడు వెంట్రుకలంత. సంచి ముడి విప్పి తడి చెత్త, పొడి చెత్త వేరు చేసే మనిషికి అది కంటికి ఆనదు. చేతికే తగులుతుంది.

ఆ చెయ్యి ఎవరిది? ఈ ప్రశ్నను తెలుగు పాఠకులు దాటవేయకూడదు. తమిళనాడు పశ్చిమ, వాయవ్య జిల్లాల్లో పారిశుద్ధ్య పనిలో అరుంధతియర్ కులస్తులే ఎక్కువ. వాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదువుల్లో, ఉద్యోగాల్లో వాళ్ళకు 3 శాతం ఉపకోటా ఇస్తూ తమిళనాడు ప్రభుత్వం 2009లో చట్టం చేసింది, అదీ దశాబ్దాల పోరాటం తర్వాత. పక్కనే బెంగళూరులో వీధులూడ్చే పౌరకార్మికుల్లోనూ అధికులు తెలుగు మాట్లాడే దళితులే. గాజు సిరంజి కాలంలో ప్రమాదం కాంపౌండరుదీ రోగిదీ. ప్లాస్టిక్ సిరంజి వాళ్ళిద్దరినీ కాపాడి, ఆ ప్రమాదాన్ని మూడో మనిషి అరచేతిలో పెట్టింది. ఆ మనిషిది ఏ కులమో, ఏ భాషో ముందే నిర్ణయమైపోయి ఉండటమే ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ పెట్టే సంగతి.

ఆ ప్రమాదం ఊహ కాదు. హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం ఏడు రోజులు బతుకుతుంది. సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో, పారే నీటి కింద కడగాలి. పిండకూడదు, నోటితో పీల్చకూడదు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలైతేనే పనిచేస్తాయి. పారిశుద్ధ్య కార్మికులకు హెపటైటిస్-బి టీకా ముందే వేయించడం మున్సిపాలిటీలు, పంచాయతీలు చేయగలిగిన అన్నిటికన్నా తేలికైన పని.

ఇంటి వంతు కూడా కష్టమేమీ కాదు. బట్టలుతికే లిక్విడ్ సీసా లాంటి మందపాటి ప్లాస్టిక్ సీసా, బిగుతు మూత, పైన పెద్ద అక్షరాలతో 'సూదులు' అని రాసిన కాగితం. పొడుచుకున్న మరుక్షణం సూది అందులో పడాలి. ముప్పాతిక నిండాక మూతకు టేపు చుట్టి ఆపేయాలి. పాత ఇనుము కొనేవాళ్ళకు ఇవ్వకూడదు, టాయిలెట్లో వేయకూడదు, తగలబెట్టకూడదు.

ఆ నిండిన సీసాను తీసుకునేదెవరు అన్న దగ్గరే దారి ఆగిపోతోంది. ఫ్రాన్స్‌లో పసుపు డబ్బాను మందుల షాపు ఉచితంగా ఇస్తుంది, నిండినదాన్ని చేర్చడానికి కేంద్రాలున్నాయి, ఖర్చు తయారీ కంపెనీలది. కాలిఫోర్నియాలో 2008 సెప్టెంబరు నుంచి సూదిని ఇంటి చెత్తలో వేయడమే చట్టవిరుద్ధం. ఇక్కడ అంతకన్నా దగ్గరి దారి ఒకటుంది. షుగరు, బీపీ మందులను ఇంటికే తెచ్చిచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని తమిళనాడు 2021 ఆగస్టు 5న ప్రారంభించింది పాలకోడు పొరుగునున్న కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే. మందులు పట్టుకొని గుమ్మం దాకా వచ్చే ఆ ఆరోగ్య కార్యకర్తలకు, మూత బిగించిన సీసాను తిరుగు దారిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేర్చే బాధ్యత, దానికి తగిన వేతనం, చేతికి మందపాటి తొడుగులు ఇస్తే చాలు. ఆ కేంద్రం నుంచి ఆసుపత్రి వ్యర్థాలను తీసుకెళ్ళే బండి ఎలాగూ వస్తుంది. దానిలోకే ఈ సీసా కూడా ఎక్కుతుంది.