గ్రీజు కాలిన వాసన

1976 అక్టోబరు 21. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో ఫెయిర్‌ఫాక్స్ అని ఓ చిన్న ఊరు. ఊరి పైనున్న కొండ మీద కొందరు కుర్రాళ్లు సైకిళ్లు పట్టుకుని నిలబడ్డారు. జీన్సు ప్యాంట్లు, కూలిపనికి వేసుకునే మందపాటి బూట్లు, చేతులకు తోలు తొడుగులు. సైకిళ్లను చూస్తే జాలేస్తుంది. శ్విన్ కంపెనీ 1930, 40లలో చేసిన బండ్లు. లావు టైర్లు, మొయ్యలేనంత ఇనుము. పాత సామాన్ల కొట్లలో పడున్నవాటిని చిల్లర డబ్బులకు తెచ్చుకుని బాగుచేసుకున్నారు. వాళ్లు వాటిని ‘క్లంకర్లు’ అనేవారు. మన మాటలో డొక్కు సైకిళ్లు.

కింద లోయలో పెద్ద బండరాయి దగ్గర ఒకరు గడియారం పట్టుకుని ఉన్నారు. పైన ఒకరు. రెండు గడియారాల్లోనూ టైము ఒకేలా కలిపారు. పందెం పెట్టింది ఛార్లీ కెల్లీ, ఫ్రెడ్ వోల్ఫ్. కెల్లీ ఓ రాక్ బృందానికి సామాన్లు మోసి, వేదిక సర్దిపెట్టే మనిషి. అడవి తగలబడితే ఫైరింజన్లు వెళ్లడానికి వేసిన మట్టిరోడ్డే పందెం బాట. మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో దాదాపు 400 మీటర్లు కిందికి దిగిపోతుంది. గులకరాళ్లు, వానకు కోసుకుపోయిన గాళ్లు, ఎదుట ఏముందో కనబడని మలుపులు.

ఒక్కొక్కరినే వదిలారు. మొదటి మలుపులో ఒకడు, రెండో మలుపులో ఇంకొకడు, దుమ్ములో పల్టీలు. ఆ రోజు కింద పడకుండా బండరాయి దాకా చేరింది అలన్ బాండ్స్ ఒక్కడే. అతనే గెలిచాడు. అందరికంటే వేగంగా తొక్కినవాడని కాదు, పడనివాడు అతనొక్కడే కాబట్టి.

ఇక్కడ బ్రేకు సంగతి చెప్పాలి. ఆ పాత బండ్లలో పెడలు వెనక్కి తొక్కితే వెనక చక్రం హబ్బు లోపల పట్టుకునే బ్రేకు ఉండేది. అంత దిగుడులో హబ్బు కాలిపోయేది. లోపలి గ్రీజు కరిగి, మరిగి, పొగై పోయేది. ఒక్కసారి కొండ దిగితే హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరాల్సిందే. ఇంగ్లీషులో దాన్ని రీప్యాక్ చేయడం అంటారు. బాటకు ఆ పేరే స్థిరపడింది: రీప్యాక్.

విశాఖ ఉక్కునగరంలో పెరిగిన నాకు ఆ వాసన తెలుసు. మా నాన్న బీ షిఫ్టుకు సైకిలు మీదే వెళ్లేవాడు. ఎండాకాలం ముగిసేసరికి వెనక చక్రం గరగరమనేది. మార్కెట్ పక్కన సైకిళ్లు బాగుచేసే పెద్దాయన చక్రం విప్పి, కోను తిప్పి, బాల్సు ఒక్కొక్కటే వేలికొసతో ఎత్తి కిరసనాయిలు గిన్నెలో వేసేవాడు. గుడ్డతో తుడిచి, కప్పులో పసుపుపచ్చ గ్రీజు మెత్తి, ఆ మెత్తుడులో బాల్సు మళ్లీ వరసగా గుచ్చేవాడు. ఓసారి నా సైకిలు తీసుకెళ్తే నల్లగా మాడిన గ్రీజు చూసి, “ఏటి బాబూ, దీన్ని కొండెక్కించినారా ఏటి?” అన్నాడు. ఎక్కించాను. యారాడ వైపు. ఇంట్లో చెప్పలేదు.

రీప్యాక్‌కు వద్దాం. ఆ పందేలు 1984 దాకా మొత్తం 24 జరిగాయి. గారీ ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు. ఆ రికార్డును ఎవరూ కొట్టలేదు. జో బ్రీజ్ రెండు సెకన్ల తేడాలో ఆగిపోయాడు. ఆ గుంపు ఫొటోలు తీసింది వెండీ క్రాగ్. ఆ మగ మూకలో తనూ తొక్కిన మనిషి. డొక్కు బండ్ల చట్రాలు విరుగుతుంటే బ్రీజ్ కొండ కోసమే 1977లో కొత్త చట్రం తయారుచేసుకున్నాడు. 1979లో కెల్లీ, ఫిషర్ కలిసి టామ్ రిచీ చేసిన చట్రాలతో సైకిళ్లు అమ్మడం మొదలెట్టారు. కంపెనీకి పెట్టుకున్న పేరు ‘మౌంటెన్‌బైక్స్’. తర్వాత ఆ పేరు మొత్తం జాతికే అంటుకుంది. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అని ఫ్యాక్టరీలో పెద్దయెత్తున తయారుచేసి వదిలేసరికి, వారాంతం వస్తే ఆ కొండల నిండా సైకిళ్లే.

గొడవ అక్కడ మొదలైంది.

మారిన్‌లో అన్నిటికంటే పెద్ద కొండ టామల్‌పాయిస్. ఊళ్లకు మంచినీళ్లిచ్చే చెరువులు దాని ఒడిలోనే ఉన్నాయి. ఆ నేల నీటి సంస్థది. కాలిబాటల మీద అప్పటికే రెండు తరాలుగా నడిచేవాళ్లు, గుర్రాల వాళ్లు ఉన్నారు. టామల్‌పాయిస్ కన్సర్వేషన్ క్లబ్ పుట్టింది 1912లో. సియెరా క్లబ్ ఇంకా పాతది, 1892 నాటిది. వాళ్లకు సభ్యత్వ పుస్తకాలున్నాయి, చందాలున్నాయి, ఏ మీటింగు ఏ తారీఖునో తెలిసిన పెద్దమనుషులున్నారు. సైకిలు కుర్రాళ్లకు ఏమున్నాయి? రెండు గడియారాలు, ఓ నోటుబుక్కు. అందులో ఎవరు ఎన్ని సెకన్లలో దిగారో కెల్లీ పొల్లు పోకుండా రాసుకున్నాడు. ఏ మలుపులో మట్టి ఎంత కోసుకుపోయిందో రాసే పుస్తకం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

నడిచేవాళ్ల మీద నాకు కోపం రాదు. అరవై ఏళ్ల మనిషి చెట్ల మధ్య జానెడు బాటలో నడుస్తుంటే, మలుపు తిరగ్గానే మీదికి సైకిలు దూసుకొస్తే గుండె ఆగినంత పనవుతుంది. గుర్రం బెదిరితే పైనున్నవాడి నడుం విరుగుతుంది. మట్టి జారి చెరువులో పడితే నీటి సంస్థ పూడిక తీయించుకోవాలి. ఇవన్నీ కాగితం మీద పెట్టగలిగిన ఫిర్యాదులు. కాగితం మీదికి ఎక్కాయి కూడా. సన్నబాటలన్నీ సైకిళ్లకు మూసేశారు. వెడల్పాటి మట్టిరోడ్లు మాత్రం మిగిల్చి గంటకు 15 మైళ్లు, మలుపుల్లో 5 మైళ్లు దాటకూడదన్నారు. రేంజర్లు వేగం కొలిచే రాడార్ తుపాకులు పట్టుకుని పొదల దగ్గర నిలబడ్డారు. పైగా 1984లో అమెరికా అటవీశాఖ ‘వైల్డర్‌నెస్’గా గుర్తించిన అడవుల్లోకి సైకిలు రాకూడదని తేల్చేసింది. ఓ ఆటను కన్న నేలలో ఆ ఆటకే సన్నబాటల్లో చోటు లేకపోయింది.

దెబ్బ తగిలాకే సంఘం పెట్టాలన్న బుద్ధి పుట్టింది. 1988లో కాలిఫోర్నియాకు చెందిన ఐదు సైకిలు క్లబ్బులు కలిసి అంతర్జాతీయ మౌంటెన్ బైసిక్లింగ్ సంఘాన్ని పెట్టాయి. ఐదింటిలో మారిన్ వాళ్లదీ ఒకటి. అప్పటి నుంచి వాళ్లు చేసిన పని చెబితే సినిమాకు పనికిరాదు. మీటింగుల్లో వెనక కుర్చీల్లో కూర్చోవడం, తమ వంతు మూడు నిమిషాలకోసం మూడు గంటలు ఎదురుచూడటం, ఆదివారం పలుగూ పారా పట్టుకుని కొండ మీద కాలువలు తీయడం. 1994లో అదే సియెరా క్లబ్‌తో పార్క్ సిటీ అనే ఊళ్లో కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. టామల్‌పాయిస్ తగవు మాత్రం తెగలేదు. 2024లో నీటి సంస్థ కొన్ని బాటల్ని ప్రయోగంగా సైకిళ్లకు తెరుద్దామంటే, ప్రకృతి సంరక్షణ సంఘాలు కోర్టుకెళ్లాయి. నలభై ఏళ్లు దాటినా అప్పటికీ అక్కడే ఉంది బండి.

గెలిచిన చోట్లు లేవా అంటే ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో డెర్బీ అనే ఊరు తగరపు గని మీద బతికింది. 1929లో గనికి నీళ్లిచ్చే ఆనకట్ట తెగి 14 మంది కొట్టుకుపోయారు. తర్వాత గనీ పోయింది, జనమూ పోయారు. ఆ చుట్టుపక్కల రెండు స్థానిక కౌన్సిళ్లు డోర్సెట్, బ్రేక్ ఓ’డే కలిసి ప్రణాళిక వేసి, ప్రభుత్వ నిధులు తెచ్చి, 2015లో కొండబాటలు తెరిచాయి. రెండేళ్లకే అక్కడ ప్రపంచస్థాయి పోటీలు జరిగాయి. వేల్స్‌లో మనలాగే ఉక్కూ ఓడరేవూ ఉన్న పోర్ట్ టాల్బట్ పక్కన, బొగ్గు గనులు మూతపడ్డ అఫాన్ లోయలోనూ ఇదే కథ. పోర్ట్ టాల్బట్‌లో 2024లో చివరి కొలిమి కూడా ఆరిపోయింది. ఉక్కునగరంలో ఈ మాట ఎత్తేటప్పుడు నోరు జాగ్రత్త. 2021 జనవరిలో విశాఖ ఉక్కు అమ్మకానికి కేంద్రం ఒప్పుకున్న తర్వాత ఇక్కడ ఏ ఇంట్లోనూ కొలిమి సంగతి తేలిగ్గా మాట్లాడుకోరు. కొలిమి పోయినా బాట ఉంటుందిలే అనే వాదన నాది కాదు. కొలిమీ ఉండాలి, షిఫ్టు దిగినవాడికి ఓ కొండబాటా ఉండాలి.

మనకు కొండలకేం కొదవ? యారాడ, సింహాచలం, కంబాలకొండ. ఆషాఢ పౌర్ణమికి సింహగిరి చుట్టూ 32 కిలోమీటర్లు లక్షల మంది నడిచే ఊరిది. కొండ చుట్టూ తిరగడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఎటొచ్చీ అర్జీ ఎవరికివ్వాలన్నదే చిక్కు. కంబాలకొండ అభయారణ్యం, దాదాపు 70 చదరపు కిలోమీటర్లు, అటవీశాఖది. అక్కడ వన్యప్రాణి చట్టం మాట్లాడుతుంది, మనం కాదు. ఉక్కునగరం నేల కర్మాగారానిది, 64 గ్రామాలు వదులుకున్న నేల. ఊరి రోడ్లు, పార్కులు నగరపాలక సంస్థ జీవీఎంసీవి. ఏ కొండ వాలులో ఏం రావాలో గీసే మాస్టర్ ప్లాన్ నగర ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏది. ఒక్క బాట ఈ నాలుగు గీతల్నీ దాటొచ్చు. ఒక ఆఫీసులో ఇచ్చిన కాగితం ఇంకో ఆఫీసుకు నడవదు. మనమే నడవాలి. మాస్టర్ ప్లాన్ ముసాయిదాపై అభ్యంతరాలు, సూచనలు అడిగినప్పుడు జనం ఇంటిస్థలం రోడ్డు విస్తరణలో పోతోందని రాస్తారు. న్యాయమే. కొండబాట కావాలని రాసేదెవరు?

తెలుగు నేల మీద సైకిలుకు మునిసిపాలిటీ చెవి దొరకదని కాదు. 2020లో నగరాల్ని సైకిళ్లకు అనువుగా మార్చడానికి కేంద్రం పెట్టిన పోటీలో 107 నగరాలు పేరిస్తే, చివరికి నిలిచిన 11లో మన వరంగల్ ఉంది. 2023లో హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు వెంబడి సౌర పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాకు వచ్చింది. బాగానే ఉంది. అవి చదును దారులు, కొండబాట లెక్క వేరు.

కొండ మీద బాటకు శత్రువు సైకిలు కాదు, వాన. నీళ్లు బాట వెంట పరిగెత్తితే బాట కాలువవుతుంది. అందుకే బాట కొండను నిలువుగా ఎక్కకూడదు, అడ్డంగా పాకాలి. కొండవాలు ఎంతుంటే బాట వాలు అందులో సగం మించకూడదు, మొత్తం మీద నూటికి పది దాటకూడదు. బయటి అంచు కొంచెం కిందికి వంచాలి, నీళ్లు అడ్డంగా దాటి పోతాయి. నడుమ నడుమ చిన్న పల్లం తీయాలి, బాట పట్టుకున్న నీళ్లు అక్కడ దిగిపోతాయి. చెప్పడానికి నాలుగు ముక్కలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ కొండల్ని ఒక్క పూటలో బోడి చేసింది. అలాంటి తుపానులు వచ్చే చోట, ఆ నాలుగు ముక్కలూ ఏటేటా మళ్లీ చెయ్యాలి. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల మీద టైరు పెడితే ఏమవుతుందో చూసినవాడికి వేరే పాఠం అక్కర్లేదు. అక్కడ బాట అడగనే కూడదు. ఎక్కడ అడగకూడదో ముందు రాసిన అర్జీకి విలువెక్కువని నా నమ్మకం.

మొన్న మా సెక్టారు పార్కులో అరుగు మీద కూర్చుని మేం కొందరం ఆ అర్జీ కాగితం మొదలుపెట్టాం. విశాఖ ఉక్కు కోసం 1966లో నిరాహార దీక్షలు జరిగాయి, ఆ ఉద్యమంలో 32 ప్రాణాలు పోయాయి. సైకిలు బాటను ఆ ఊసుతో తూచకూడదు. నినాదం వద్దనుకున్నాం. పొడుగాటి తెల్లకాగితం మీద గీతలు కొట్టి గళ్లు చేశాం. బాట ఎక్కడ, నేల ఎవరిది, అక్కడ నడిచేదెవరు, పశువులు మేపేదెవరు, నీళ్లు ఏ చెరువులోకి పోతాయి. మా సైకిలు పెద్దాయన కొడుకు ఇప్పుడు షాపు చూస్తున్నాడు. అతను చివర ఇంకో గడి గీయించాడు. వానాకాలం పోయాక ఆ బాటలో కాలువ తీసేదెవరు?

అందరం కాసేపు ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకుని అతనే పెన్ను తీసుకున్నాడు. ఆ గడిలో ప్రస్తుతానికి మూడు పేర్లున్నాయి.