టమకలో తొలివారం

పలమనేరులో ఎక్కిన బస్సు నంగలి దాటగానే అంగళ్ల మీద బోర్డులు కన్నడంలోకి మారిపోతాయి. కండక్టరు మాత్రం ఇంకా తెలుగులోనే కేకేస్తుంటాడు. ముళబాగిలులో కిటికీ దగ్గరికొచ్చి ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్మే ఆమెదీ తెలుగే. నాయన ఒళ్లో నీ సర్టిఫికెట్ల ఫైలు, కాళ్ల మధ్య కొత్త బకెట్టు, బకెట్లో చుట్టిపెట్టిన దుప్పటి. కోలారు చేరకముందే, హైవే పక్కన టమకలో దిగిపోతారు.

శ్రీ దేవరాజ్ అర్స్ మెడికల్ కాలేజీ 1986 నుంచీ ఇక్కడుంది. పక్కనే ఆర్.ఎల్. జాలప్ప ఆసుపత్రి. ఆఫీసులో ర్యాగింగ్ చేయనని నువ్వొక కాగితం మీద, చేయనివ్వనని నాయన ఇంకో కాగితం మీద సంతకాలు పెడతారు. 2009లో హిమాచల్‌లో ఒక మెడికో ప్రాణం ర్యాగింగ్‌లో పోయాక దేశమంతటా వచ్చిన కాగితాలివి. కొత్తవాళ్లను సీనియర్లకు దూరంగా వేరే గదుల్లో పెట్టాలన్న నిబంధన కూడా అప్పటిదే. ర్యాగింగ్ ఫిర్యాదులకు ఇచ్చిన 1800-180-5522 అన్న నంబరును నాయన అక్కడికక్కడే ఫోనులో వేసుకుంటాడు. గేటు దగ్గర "భోంచెయ్ టయానికి" అని ఒక్కమాటే అంటాడు, ఇంకేదో అనబోయి ఆగిపోతాడు.

మెస్సులో ఆ రాత్రి రాగిముద్ద, సొప్పుసారు అనే ఆకుకూర చారు. ఎదురుగా కూచున్న కేరళ అమ్మాయి ముద్దను నములుతూ కళ్లలో నీళ్లు తెచ్చుకుంటుంది. నీకిది పుట్టినప్పటినుంచీ తెలిసిన సంగటే. వేళ్లు తడుపుకుని, గోళీ అంత తుంచి, సారులో ముంచి, పంటికి తగలకుండా మింగి చూపిస్తావు. మూడో ముద్దకు ఆమెకూ పట్టుబడుతుంది. హాస్టల్లో నీ తొలి స్నేహం అలా కుదురుతుంది.

పొద్దున తొమ్మిదికి ఫౌండేషన్ కోర్సు మొదలవుతుంది. 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠాలకు ముందు ఇది తప్పనిసరి. ప్రథమ చికిత్స, చేతులు కడుక్కునే పద్ధతి, రోగితో మర్యాద, స్థానిక భాష, కంప్యూటరు, ఆటలు అన్నీ ఇందులోనే. నీట్ కోసం ఏళ్ల తరబడి బిట్లు బట్టీపట్టి వచ్చినవాళ్లకు ఇది కాలయాపనలా కనిపిస్తుంది. "అనాటమీ ఎప్పుడు?" అని వెనక బెంచీలో గుసగుసలు. నా మటుకు నాకు, అయిదున్నరేళ్ల చదువులో ఎవరూ కోసెయ్యకూడని రోజులు ఇవే.

అనాటమీ హాలుకు బుధవారం తీసుకెళతారు. తలుపు తీయగానే ఫార్మలిన్ ముక్కులో కంటే ముందు కళ్లలో గుచ్చుకుంటుంది. తెల్లకోటు మడతల గీతలు ఇంకా పోలేదు. బల్ల మీద దేహానికి గుడ్డ కప్పి ఉంది, పాదాలు మాత్రం బయటికున్నాయి. మడమల నిండా పగుళ్లు, చెప్పుల్లేకుండా నడిచిన మనిషివి. ఇలా చదువుకు దేహాలను తీసుకోవడానికి కర్ణాటకలో 1957 నాటి అనాటమీ చట్టం ఉంది. అందరూ కుడిచెయ్యి చాచి, ఈ దేహాన్ని గౌరవిస్తామని, ఇక్కడ ఫొటోలు తీయమని ప్రమాణం చేస్తారు. నీ గొంతు రెండో వాక్యానికి గానీ పెగలదు.

మధ్యాహ్నం కన్నడం క్లాసు. "ఏను తొందరె? నోవు ఎల్లిదె? ఎష్టు దినదింద?" ఏం ఇబ్బంది, నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లనుంచి. నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటావు. మరునాడు వార్డులో ఒక ముసలామె మంచం దగ్గర ఆ మూడు ప్రశ్నలూ వరసగా అప్పజెబుతావు. ఆమె ఓపిగ్గా విని, నీ మొహంలోకి చూసి అడుగుతుంది.

"యా ఊరు తల్లీ మీది?"

"పలమనేరవ్వా."

"పక్కనే గంగవరం గదా! మా సిన్నకూతుర్ని ఆడనే ఇచ్చింది."

ఇక నీ ప్రశ్నలతో పనిలేదు. మోకాళ్లు ఎప్పుడు పట్టుకున్నాయో, ఏ పసరు పూసిందో, అల్లుడు సరిగా చూడకపోవడం దాకా వరసగా చెప్పేస్తుంది. ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. సరిహద్దుకు అటూ ఇటూ పెళ్లి సంబంధాలు కలుపుకుంటూనే ఉన్నారు. వేరే రాష్ట్రానికి వచ్చానన్న నీ బెదురు ఆ మంచం దగ్గరే సగం పోతుంది. పక్క మంచం మీద ఆయన తమిళంలో ఏదో అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తావు.

శుక్రవారం పల్లెకు. మెడికోలు కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువు పొడుగునా వాళ్ల ఆరోగ్యం చూడాలన్నది 2022లో వచ్చిన కార్యక్రమం, దానికి పరిచయంగా ఈ ప్రయాణం. కోలారు జిల్లాలో ఏడాదంతా పారే నది లేదు. చెరువులు ఎండి, బోర్లు వెయ్యి అడుగులు దాటి పోయాయి. అంత లోతు రాళ్లలో నానిన నీళ్లలో ఫ్లోరైడ్ కరిగి వస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి ఇక్కడి చెరువులకు మళ్లించడం 2018లో మొదలైంది, దాని మీద వాదాలు ఇంకా నడుస్తున్నాయి. నీకు ఎదురైన పదేళ్ల పిల్లాడు నవ్వడానికి ముందే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. పళ్ల మీద ఫ్లోరైడ్ గీసిన గోధుమరంగు చారలు. మీ వెంట వచ్చిన డాక్టరమ్మ వాణ్ని పేరుపెట్టి పిలిచి, చెయ్యి తీయించి, ముందు నవ్వించి, ఆ తర్వాతే పళ్లు చూస్తుంది. ఆ వరసను నువ్వు గమనించాలి.

శనివారం తరగతిలో లైట్‌బాక్స్ మీద ఒక ఛాతీ ఎక్స్‌రే పెడతారు. ఊపిరితిత్తుల పైభాగమంతా జొన్నగింజలు చల్లినట్టు తెల్ల చుక్కలు. సిలికోసిస్. భారతదేశంలో ఈ జబ్బును తొలిసారి గుర్తించింది 1934లో, ఇక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలోని కోలారు బంగారు గనుల్లోనే. బంగారం పలుగురాయి పొరల్లో ఉంటుంది. ఆ రాయిని తొలిచినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనబడనంత సన్నటి రేణువులు ఊపిరితిత్తుల లోలోపలి దాకా పోయి, అక్కడే ఉండిపోయి, కణజాలాన్ని గట్టిపరుస్తాయి. మందు లేదు. పని మానేసిన ఏళ్లకు కూడా ముదురుతుంది, క్షయను పిలుచుకొస్తుంది. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన గనులవి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి.

ఆదివారం, ఆ గనుల ఊరే సొంతూరైన సీనియర్ అక్క నిన్ను వెంటబెట్టుకుని పోతుంది. బంగారుపేటలో రైలు మారి ఊరిగాంలో దిగుతారు. స్టేషను దాటగానే బూడిదరంగు కొండలు. బంగారం తీసేశాక సైనైడు కలిసిన పిండిని పోసిపోసి పెరిగిన దిబ్బలవి. గాలి లేస్తే ఆ పొడి కాలనీల మీదికే వస్తుంది. శివనసముద్రం నుంచి 1902లోనే కరెంటు తెచ్చుకున్న ఊరిది, ఇప్పుడు గని కార్మికుల లైన్ ఇళ్లలో గోడలు పెచ్చులూడుతున్నాయి. అక్క మేనమామ వాకిట్లో కుర్చీలు వేస్తాడు. గని మూతపడేనాటికి ముప్పైమూడేళ్లవాడు, ఇప్పుడు బెంగళూరులో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. రోజూ తెల్లవారకముందే మారికుప్పం నుంచి వచ్చే రైలెక్కుతాడు. రెండు మాటలకోసారి ఆగి దగ్గుతాడు. ఇంతవరకూ తనను చూసిన ఏ డాక్టరు చీటీలోనూ గని మాట లేదట. "వృత్తి: వాచ్‌మన్" అని రాసి దగ్గుమందు ఇచ్చి పంపారు.

ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు 1700లో ఒక పుస్తకం రాశాడు. రోగిని ఎన్నో అడిగే వైద్యులు ఇంకొకటి కూడా అడగాలని, నువ్వు చేసే పనేమిటని తెలుసుకోవాలని అందులో చెప్పాడు. కోలారులో ఆ ప్రశ్నను ఇంకాస్త వెనక్కి జరిపి అడగాలి. తిరుగు రైలులో అక్క చెబుతుంటే నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుని ఆ ప్రశ్నను మూడు భాషల్లో, తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటావు: ముందు ఏం పని చేసేవాళ్లు? మొదలు ఏను కెలస మాడ్తిద్రి? మున్నాడి ఎన్న వేల సెంజీంగ? తమిళంలో ఆ "సెంజీంగ" నీకు సరిగ్గా పలకడం లేదని అక్క బంగారుపేట వచ్చేదాకా మళ్లీ మళ్లీ అనిపిస్తూనే ఉంటుంది.