తొలి ఏడుపు జాతకము కాదు

పుట్టుకవేళ ప్రాణవాయువు అందని శిశువు భవిష్యత్తును ముందుగా చెప్పగలమా? 1861లో లండను వైద్యుడు విలియం లిటిల్ అట్టి ప్రసవమునకును, పిదప వచ్చు కాళ్లుచేతుల బిగుతుకును సంబంధము చూపినాడు. 1953లో అమెరికా వైద్యురాలు వర్జీనియా అప్గార్ నాడి, శ్వాస మున్నగు అయిదు లక్షణములకు పది మార్కుల పద్ధతి ప్రకటించినది. అవి అప్పటి స్థితిని తెలుపునే గాని జాతకము వ్రాయవు. 1976లో సార్నాట్ దంపతులు 21 మంది శిశువులను పరిశీలించిరి. తీవ్రదశకు పోక, మధ్యమదశ లక్షణములు 5 దినములలోపు తగ్గినవారు పిదప మామూలుగానే కనిపించినారనిరి. అనగా జోస్యమునకు మూలము దినదిన పరిశీలన. అరకు కొండలలో బాటలేని గూడెమునుండి డోలీలో దిగివచ్చు తల్లీబిడ్డలకు దుర్లభమైనది అదియే. కనుక మేము చెప్పునది ఒక్కటే: తక్కువ మార్కులు విని ఆశ విడువరాదు; బిడ్డ ఏడ్చినది గదా యని పరిశీలన మానరాదు.